పాత లండన్ నాటకాల పోస్ట్‌కార్డులతో గ్రీటింగ్ కార్డులు: అసలు కార్డు అంటించాలా, స్కాన్ తీసి అచ్చు వేయాలా?

తెరచాటు అనే పేరుతో అడిగిన ప్రశ్న; కింద భూతద్దం, మడతపేట, నేపథ్యం, తపాలాపెట్టె పేర్లతో వచ్చిన జవాబులు

ఏడో ఎడ్వర్డ్ కాలం నాటి లండన్ రంగస్థల తారల పోస్ట్‌కార్డులు ఒక ఆల్బమ్‌లో 160 దాకా ఉన్నాయి. చాలావరకు రోటరీ, బీగల్స్, ఫిల్కో కంపెనీలవి. లిలీ ఎల్సీ, గెర్టీ మిల్లర్, గాబ్రియెల్ రే, డేర్ అక్కచెల్లెళ్లు ఎక్కువ. మగవాళ్లలో లూయిస్ వాలర్‌వి కొన్ని. కొన్నిటికి రంగులద్దారు, రెండు మూడింటి మీద గాజు పొడి మెరుపు కూడా అంటించి ఉంది.

వీటితో మడత గ్రీటింగ్ కార్డులు చేయాలి. ఎనిమిది బొమ్మలు ఎంచుకుని ఒక్కోటి పది చొప్పున, మొత్తం 80. సగం ఇక్కడ బ్రిటన్‌లో పంచడానికి, సగం హైదరాబాద్‌లో అచ్చు వేయించి అక్కడి బంధువులకు.

రెండు కార్డులు ఉన్న బొమ్మలైతే అసలు కార్డునే కొత్త అట్ట మీద అంటించేయవచ్చా? స్కాన్ చేస్తే నల్లటి భాగాల్లో, ముఖ్యంగా అంచుల దగ్గర, నీలిగా వెండి పూత లాంటి మెరుపు వస్తోంది. జుట్టు, టోపీ వివరాలు పోతున్నాయి. 5×7 అంగుళాల కార్డు నమూనాకి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల) ఎ4 ఐవరీ అట్ట వాడితే మడత దగ్గర పగిలి తెల్ల గీత పడింది. ఎంత మెల్లగా మడిచినా అంతే. చివరిగా, మిగిలినవి నలుగురికీ అమ్మితే హక్కుల గొడవ ఏమన్నా ఉంటుందా?

భూతద్దం

అసలు కార్డుని అంటించకండి. జంట కార్డులైనా సరే. ముందువైపు బొమ్మ ఒకటే అయినా వెనకవైపు ఒకటి కాదు: తపాలా ముద్ర, ఊరు, ఎవరు ఎవరికి ఏమి రాశారన్నది ఆ ఒక్క కార్డులోనే ఉంటుంది. జిగురు పెడితే అది శాశ్వతంగా పోయినట్టే. ఫెవికాల్ ఎండాక మళ్లీ ఊడదు. మామూలు డబుల్ సైడ్ టేప్ జిగురు కొన్నేళ్లకి పసుపు తేలి కాగితంలోకి దిగి, ముందువైపు దాకా మరకగా వస్తుంది. ఎవరికైనా అసలు కార్డే కానుకగా ఇవ్వాలనుకుంటే నాలుగు మూలలకీ ఫోటో కార్నర్లు పెట్టి అందులో దూర్చండి. జిగురు కార్నర్‌కే అంటుతుంది, కార్డుకి తగలదు. కావలసినప్పుడు బయటికి తీసి వెనక చదువుకోవచ్చు.

స్కాన్ చేసేముందు పది రెట్లు పెంచి చూపే లూప్ (చిన్న భూతద్దం) పెట్టి ఒక్కో కార్డూ ఏ రకమో చూడండి, ఎందుకంటే రకాన్ని బట్టి పద్ధతి మారుతుంది. ఎంత దగ్గరగా చూసినా చుక్కలు లేకుండా నున్నగా నీడలు కలిసిపోతే అది నిజమైన ఫోటో, అంటే బ్రోమైడ్ కాగితం. రోటరీ వాళ్లవి దాదాపు అన్నీ ఇవే. పొడవాటి బ్రోమైడ్ చుట్టల మీద యంత్రంతో అచ్చొత్తినవి. వరసలుగా చుక్కలు కనిపిస్తే అది అచ్చుయంత్రం మీద వేసిన హాఫ్‌టోన్. ముడతలు పడ్డ చర్మంలాంటి సన్నటి గరుకు కనిపిస్తే కొలోటైప్ అనే పాత అచ్చు పద్ధతి.

బ్రోమైడ్ కార్డుకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు. పోస్ట్‌కార్డు 140×89 మి.మీ. కాబట్టి సుమారు 3300×2100 పిక్సెళ్లు వస్తాయి. 300 డీపీఐ దగ్గర రెట్టింపు సైజు వరకు అచ్చు వేసుకోవచ్చు. హాఫ్‌టోన్ అయితే 1200లో తీసి, కొద్దిగా బ్లర్ చేసి, తరువాత 600కి తగ్గించండి. నేరుగా 300లో తీస్తే కార్డు మీది చుక్కలూ స్కానర్ గళ్లూ కలిసి గీతల చీరలాగా అలలు వస్తాయి, అవి తరువాత పోవు. రెండింటికీ 48 బిట్ రంగులో, టిఫ్‌గా భద్రపరచండి. నలుపు తెలుపు కార్డైనా రంగులోనే తీయాలి, కారణం కింద చెప్తాను. ఆటో షార్పెన్, ఆటో కాంట్రాస్ట్ ఆపేయండి.

మీకు కనిపించే ఆ నీలి మెరుపు దుమ్మూ కాదు, స్కానర్ లోపమూ కాదు. ఫోటోలోని వెండి గాలిలోని కాలుష్యంతో, తేమతో చర్య పొంది పైపొరకి చేరి, అక్కడ మళ్లీ సన్నటి లోహపు పొరగా ఏర్పడుతుంది. వెండి ఎక్కువ ఉన్నది నల్లటి భాగాల్లోనే, గాలి ముందు తగిలేది అంచులకే. అందుకే అక్కడ మొదలవుతుంది. దయచేసి దూదితో గానీ స్పిరిట్‌తో గానీ తుడవకండి. అది బొమ్మలోని వెండే, తుడిస్తే బొమ్మే పోతుంది.

రంగు స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ఛానెళ్లు (పొరలు) ఉంటాయి. ఆ మెరుపు నీలంగా ఉంటుంది కాబట్టి స్కాన్‌లో నీలం ఛానెల్‌లో గట్టిగా, ఎరుపు ఛానెల్‌లో బాగా తక్కువగా పడుతుంది. గింప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రంగు ఫైల్‌ని ఛానెళ్లుగా విడదీసి, ఎరుపు ఒక్కటే ఉంచుకోండి. టీ మరకలు, పసుపు మచ్చలు కూడా ఎరుపు ఛానెల్‌లో సగానికి పైగా మాయమవుతాయి. రంగులో స్కాన్ చేయమన్నది ఇందుకే.

ఇంకో జాగ్రత్త. గాజు పొడి అంటించినవి స్కానర్ అద్దం మీద అస్సలు పెట్టకండి, గీతలు పడతాయి. మధ్యలో పారదర్శక షీటు పెడితే అద్దానికీ షీటుకీ మధ్య ఇంద్రధనుస్సు వలయాలు వస్తాయి. వాటిని కెమెరాతోనే తీయాలి. అలాగే వంపు తిరిగిన కార్డుని అద్దానికి అదిమి పెట్టకండి. పైనున్న జెలటిన్ ఎండినప్పుడు కుంచించుకుని కార్డు బొమ్మవైపుకి వంగుతుంది. బలవంతంగా సాపు చేస్తే జెలటిన్ చిట్లుతుంది. రెండు బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి, పైన నాలుగు బరువైన పుస్తకాలు ఉంచి రెండు మూడు వారాలు వదిలేయండి. ఇస్త్రీపెట్టె వద్దు. స్కానర్ కొత్తగా కొనేటట్టయితే సీఐఎస్ సెన్సర్ ఉన్న పల్చటి రకం కాకుండా సీసీడీ సెన్సర్ రకం తీసుకోండి. సీఐఎస్‌లో అద్దానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేచిన భాగం మసకబారిపోతుంది.

మడతపేట

స్కాన్ సంగతి భూతద్దం గారు చెప్పారు, నేను అట్ట సంగతి చెప్తాను. మీ మడత పగలడానికి కారణం మీ చెయ్యి కాదు, ఎ4 అట్టలో గ్రెయిన్, అంటే నారలు, వెళ్లే దిక్కు.

మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నారలు ఎక్కువగా ఒకే దిక్కుకి పరుచుకుంటాయి. మడత ఆ దిక్కుకి సమాంతరంగా ఉంటే నారలు పక్కకి ఒరుగుతాయి, అడ్డంగా ఉంటే తెగుతాయి. ఎ4 అట్టల్లో సాధారణంగా గ్రెయిన్ 297 మి.మీ. పొడవు వెంట ఉంటుంది. 5×7 మడత కార్డుకి కావలసిన షీటు 254×178 మి.మీ. ఎ4లో అది ఒకే రకంగా పడుతుంది: 254 వైపు 297 వెంట. అప్పుడు మడత గీత 178 వైపు వెళ్తుంది, అంటే గ్రెయిన్‌కి సూటిగా అడ్డం. ఎంత మెల్లగా మడిచినా పగలక తప్పదు.

అదే ఎ4ని మధ్యకి కోసి రెండు ఎ5లు చేసి, ఒక్కోటి మడిచి ఎ6 కార్డు చేస్తే మడత 297 దిక్కు వెంటే వస్తుంది. శుభ్రంగా ఒరుగుతుంది. ఒక ఎ4కి రెండు కార్డులు కూడా. ఇంట్లో చేసుకునేవాళ్లకి నేను ఎ6నే సిఫారసు చేస్తాను.

అయితే 5×7కి ఒక అందం ఉంది, దాన్ని వదులుకోమని చెప్పలేను. 127×178 మీద పోస్ట్‌కార్డుని అసలు సైజులోనే, 89×140గా పెడితే నాలుగు వైపులా సరిగ్గా 19 మి.మీ. అంచు మిగులుతుంది. పాత కార్డు చేతిలో ఎంత ఉంటుందో అంతే కనిపిస్తుంది. కన్ను నడిమిని కొంచెం పైన చూస్తుంది కాబట్టి బొమ్మని 2 మి.మీ. పైకి జరపండి: పైన 17, కింద 21. ఎ6లో అసలు సైజు పెడితే పక్కల 8, పైనా కిందా 4 మాత్రమే మిగిలి ఇరుగ్గా ఉంటుంది. 90 శాతానికి తగ్గించి 80×126గా పెట్టండి.

5×7 కావాలంటే హైదరాబాద్‌లో డిజిటల్ ప్రెస్‌కి ఇవ్వండి. 12×18 అంగుళాల షీటులో గ్రెయిన్ 18 అంగుళాల వైపు ఉన్నది అడగండి. 254ని 12 అంగుళాల వైపు పెడితే ఒక్కో షీటుకి రెండు కార్డులు పడతాయి, మడత గ్రెయిన్ వెంటే వస్తుంది. ఎ6 అయితే 13×19 షీటు అడిగి మూడేసి పెట్టించండి. షీటు ఆదా అవుతుందని ప్రెస్ వాళ్లు నాలుగు సర్దుతామంటారు. నాలుగు పెట్టాలంటే కార్డుల్ని అడ్డం తిప్పాలి, మళ్లీ మీ పాత తెల్ల గీతే వస్తుంది.

గ్రెయిన్ ఏ వైపో తెలియకపోతే షీటుని రెండు వైపులా మెల్లగా వంచి చూడండి, తేలిగ్గా లొంగే వంపుకి సమాంతరంగా గ్రెయిన్ ఉన్నట్టు. అనుమానం తీరకపోతే చిన్న ముక్క ఒకవైపు తడపండి. గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవే గ్రెయిన్.

ఇక క్రీజింగ్. 200 జీఎస్ఎం దాటిన దేనికైనా మడతకి ముందు గాడి వేయాలి. సిరా అయిపోయిన బాల్‌పెన్, స్టీల్ స్కేలు, కింద కటింగ్ మ్యాట్ చాలు. కత్తి మొనతో గీయకండి, నారలు తెగుతాయి. గాడి వేసినప్పుడు ఒకవైపు పల్లం, రెండోవైపు ఉబ్బు వస్తుంది. ఉబ్బు లోపలికి వచ్చేలా మడవాలి. పల్లం లోపలికి పెట్టి మడవడమే సహజంగా అనిపిస్తుంది గానీ అప్పుడు బయటి పొర అంతా సాగి చిట్లుతుంది. మడిచాక పైన ఒక బటర్ పేపర్ వేసి, దాని మీద చెంచా వెనకభాగంతో రుద్దండి. నేరుగా రుద్దితే అట్ట మీద మెరుపు గీత పడుతుంది.

లేజర్ ప్రింట్ అయితే మడత మీదికి రంగు రానివ్వకండి. టోనర్ కాగితంలోకి ఇంకదు, పైన ప్లాస్టిక్ పొరలా కూర్చుంటుంది. మడత దగ్గర రాలిపోతుంది. చుట్టూ తెల్ల అంచు వదిలే డిజైన్ అయితే ఈ బెడద ఉండదు.

నేపథ్యం

హక్కుల విషయం ముందు. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం 2012 సవరణ దాకా ఫోటోకి ప్రచురించిన ఏడాది తరువాతి జనవరి నుంచి 60 ఏళ్లు ఉండేది; ఇంత పాత కార్డుల గడువు ఆ సవరణకి ముందే తీరిపోయింది. అమెరికాలో ఆ కాలపు ప్రచురణలకి 95 ఏళ్లు. ఈ రెండు చోట్లా 1912 లోపు కార్డులకి ఇబ్బంది లేదు. బ్రిటన్‌లో లెక్క వేరు: ఫోటో తీసిన మనిషి పోయిన ఏడాది చివరి నుంచి 70 ఏళ్లు. 1907లో పాతికేళ్ల కుర్రాడు తీసిన ఫోటో అనుకోండి, అతను 1960ల దాకా బతికితే ఇంకా హక్కు నడుస్తూనే ఉంటుంది. తీసినవారు ఎవరో తెలియకపోతే ప్రచురించిన ఏడాది చివరి నుంచి 70 ఏళ్లు. కాబట్టి అమ్మేవాటికి కార్డు కింద మూలలో ఫోటోగ్రాఫర్ పేరుందేమో చూడండి. బసానో అని ఉంటే అది స్టూడియో పేరు కూడా. అలెగ్జాండర్ బసానో 1913లో పోయారు, స్టూడియో ఆ తరువాతా నడిచింది. ఇంకొకరి వెబ్‌సైట్ నుంచి దించిన స్కాన్లు మాత్రం వాడకండి. మీ దగ్గరి కార్డు నుంచి మీరు తీసిన స్కానే వాడండి.

బొమ్మ ఎంపిక గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ముఖం బాగుందని ఎంచుకుని, కింద అచ్చయిన నాటకం పేరు చూడకుండా పంపితే ఇబ్బంది పడతారు. లిలీ ఎల్సీ కార్డుల్లో పెద్ద టోపీతో ఉన్నవి చాలావరకు 1907లో డేలీస్ థియేటర్‌లో ఆడిన ‘ది మెర్రీ విడో’వి. ఆ టోపీ లూసిల్ అనే డిజైనర్ చేసింది, ఊరంతా ఫ్యాషన్ అయిపోయింది. కార్డుగా చాలా బాగుంటుంది. కానీ నాటకం పేరులోనే ‘వితంతువు’ ఉంది. దాన్ని మన పెళ్లిళ్లకి, పెళ్లిరోజులకి పంపకండి, పుట్టినరోజులకి ఉంచండి. అలాగే హెన్రీ ఇర్వింగ్ అనే నటుడి నల్ల అంచు ఉన్న కార్డులు 1905 అక్టోబరులో ఆయన పోయినప్పటి స్మృతి కార్డులు, పండగలకి పనికిరావు.

మీ దగ్గర ఉన్నవాటిలో డేర్ అక్కచెల్లెళ్లు, జీనా పెద్దది, ఫిలిస్ చిన్నది, ఇద్దరూ కలిసి ఉన్న కార్డు దొరికితే అక్కకో చెల్లికో పంపడానికి అంతకన్నా సరైనది లేదు. పాలిన్ ఛేజ్ అనే నటి పీటర్ పాన్ వేషంలో, అంటే ఎప్పటికీ పెరగని కుర్రాడి వేషంలో, ఉన్న కార్డు ఉంటే పిల్లల పుట్టినరోజుకి. ఆమె 1906 నుంచి 1913 వరకు ఆ వేషం కట్టింది. పాంటోమైమ్ వేషాలు, అంటే మగవేషంలో ఉన్న నటీమణుల కార్డులు, కొత్త సంవత్సరానికి సరిపోతాయి. అక్కడ పాంటోమైమ్ అంటే మూకాభినయం కాదు, క్రిస్మస్ నుంచి ఆడే పాటల హాస్య నాటకం.

బొమ్మ కింద తెల్లక్షరాల్లో ఉన్న పేరు, కంపెనీ ముద్ర, నంబరు కత్తిరించకండి. వాటిని తీసేస్తే ఎవరో తెలియని పాతకాలపు అందగత్తె మాత్రమే మిగులుతుంది. ఆమె పేరున్న నటి, రోజూ రాత్రి వందల మంది ముందు ఆడి పాడిన మనిషి. కార్డు వెనక కూడా చిన్నగా వేయండి: నటి పేరు, నాటకం, థియేటర్, ఏడాది, కంపెనీ. గెర్టీ మిల్లర్‌కి ‘అవర్ మిస్ గిబ్స్’, గేయిటీ థియేటర్, 1909 అన్నట్టు.

ఏడాది తెలియకపోతే వెనకవైపు చూడండి. బ్రిటన్‌లో చిరునామా వైపే ఉత్తరం కూడా రాయడానికి 1902లో అనుమతి వచ్చింది, కాబట్టి మధ్య గీత ఉంటే ఆ తరువాతిదే. అరపెన్నీ స్టాంపు ఉంటే 1918 జూన్ లోపుది. ముద్రలోని తేదీ కార్డు వేసిన తేదీ కాదు, పోస్టు చేసిన తేదీ. ‘1908లో పంపిన కార్డు’ అని రాస్తే నిజం తప్పదు.

సంతకం ఉన్న కార్డులు వస్తే లూప్‌తో ఏటవాలు వెలుగులో చూడండి. సిరా పైన కూర్చుని మెరుపు తేడా కనిపిస్తే చేత్తో చేసినది. ఫోటోతో పాటే ఒకే నునుపుగా ఉంటే నెగెటివ్ మీదే వేసిన అచ్చు సంతకం. అచ్చుదాన్ని అసలు సంతకమని కార్డు వెనక రాయకూడదు కదా.

తెరచాటు

అందరికీ ధన్యవాదాలు. ఎరుపు ఛానెల్ పనిచేసింది, టోపీ ఈకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. కానీ రంగులద్దిన కార్డులకి అదే చేస్తే పెదవులూ బుగ్గల గులాబీ రంగూ తెల్లగా మాయమైపోయాయి. దానికి వేరే దారి ఉందా? ఇంకోటి, ఇంకుజెట్‌లో సెపియా వేస్తే ఒక వెలుగులో ఆకుపచ్చగా, ఇంకో వెలుగులో గులాబీగా కనిపిస్తోంది.

భూతద్దం

ఎరుపు ఛానెల్‌లో ఎరుపు రంగు తెల్లగానే పడుతుంది, అది నేను ముందే చెప్పాల్సింది. రంగులద్దినవాటిని కెమెరాతో తీయండి. కార్డు బల్లమీద, కెమెరా సూటిగా పైన, రెండు దీపాలు చెరో పక్క 45 డిగ్రీల్లో. దీపాల ముందు పోలరైజింగ్ షీట్లు (ఒక దిక్కు వెలుగునే వదిలేవి), లెన్స్ మీద పోలరైజర్. షీట్లు రెండూ ఒకే దిక్కుకి పెట్టి, లెన్స్ మీదిది మెరుపు మాయమయ్యేవరకు తిప్పండి. గాజు పొడి కార్డుకి మాత్రం ఇది వద్దు, తళుకు పూర్తిగా చచ్చిపోతుంది; దానికి పోలరైజర్ లేకుండా ఒకే దీపం పక్కనుంచి పెట్టండి.

షీట్లు దొరక్కపోతే రంగు స్కాన్‌నే రెండు పొరలుగా పెట్టండి. కింద ఆకుపచ్చ ఛానెల్ నుంచి తీసిన నలుపు తెలుపు, పైన అసలు రంగు స్కాన్‌ని కొంచెం బ్లర్ చేసి కలర్ మోడ్‌లో. ఆకుపచ్చ ఛానెల్‌లో మెరుపు ఎరుపంత తగ్గదు గానీ పెదవులు నిలుస్తాయి. అంచుల్లో నీలం మిగిలితే అక్కడ పై పొరని చెరిపేయండి.

సెపియా రంగు మారడానికి కారణం మూడు రంగు సిరాల్ని కలిపి బూడిద రంగు చేయడం. ప్రింటర్‌లో బూడిద సిరా విడిగా ఉంటే తేడా బాగా తగ్గుతుంది. లేకపోతే రంగుని మరీ చల్లగా ఉంచకుండా స్పష్టంగా గోధుమ వైపు జరపండి: గాఢమైన నీడ 40, 32, 26 దగ్గర, కాగితపు తెలుపు 245, 238, 225 దగ్గర. అసలైన తెలుపు 255 దాకా లాగకండి, పాత కార్డు ప్రాణం పోతుంది. ఇంట్లో పెట్టి చూసే ట్యూబ్‌లైటు కింద, కిటికీ వెలుగులో, రెండు చోట్లా నమూనా చూసి ఖరారు చేయండి.

తపాలాపెట్టె

కవర్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఎ6కి సీ6 కవరు, 114×162 మి.మీ. 5×7కి 133×184. బ్రిటన్‌లో మామూలు లెటర్ ధరకి హద్దు 240×165 మి.మీ., మందం 5 మి.మీ., బరువు 100 గ్రాములు. 133×184 దీనిలో హాయిగా పడుతుంది. 300 జీఎస్ఎం 5×7 మడత కార్డు 14 గ్రాముల లోపే, కాబట్టి బరువు సమస్య కాదు. ముత్యాలు, రిబ్బన్ ముళ్లు పెడితే 5 మి.మీ. దాటి లార్జ్ లెటర్ అయిపోతుంది. ఇంకుజెట్ ప్రింట్లు కవర్లో పెట్టేముందు 24 గంటలు విడివిడిగా ఆరనివ్వండి, లేకపోతే తేమకి కవరు లోపలివైపు మరక దిగుతుంది.

లోపల తెలుగులో సందేశం వేస్తున్నారా? హైదరాబాద్ ప్రెస్‌కి వర్డ్ ఫైల్ పంపకండి. చాలాచోట్ల డీటీపీ ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే నడుస్తుంది, యూనికోడ్ పాఠం అక్కడ తెరిస్తే వత్తులు విడిపోతాయి. యూనికోడ్ ఫాంట్లలో మండలి గానీ సూరన్న గానీ పెట్టి అక్షరాలని ఔట్‌లైన్లుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. వెనకవైపు చిన్న అక్షరాలు ఇంగ్లిష్‌కి 7 పాయింట్లు చాలు, తెలుగుకి 9 కంటే తగ్గించకండి. వత్తులూ సున్నాలూ సిరాతో పూడిపోతాయి.

లోపల రాసుకోవడానికి విడిగా పల్చటి కాగితం పెడతానంటే 100 జీఎస్ఎం తీసుకుని, కార్డు కంటే అన్ని వైపులా 3 మి.మీ. తక్కువగా కోయండి. మడత పక్కన వెనక రెక్క మీద ఒక్క సన్నటి గీత మాత్రమే, 3 మి.మీ. వెడల్పున గమ్ స్టిక్ రాయండి. షీటంతా రాస్తే రెండు కాగితాలూ వేర్వేరుగా సాగి కార్డు విల్లులా వంగుతుంది. ఫెవికాల్ అయితే ఆ సన్నటి గీతకే అలలు లేస్తాయి, అందులో నీళ్లు ఎక్కువ.

తెరచాటు

5×7ని 12×18 షీటు మీద ప్రెస్‌కి ఇస్తున్నాను, ఇక్కడివి ఎ6లో ఇంట్లోనే. పాలిన్ ఛేజ్ కార్డు ఆల్బమ్‌లో ఒకటి ఉంది. లిలీ ఎల్సీ టోపీ కార్డుని పెళ్లిరోజు జాబితాలోంచి తీసేశాను.